అగ్నిపర్వతాలకూ భూఫలకాల కదలికకూ ఉన్న సంబంధాన్ని ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద భూకంపం వచ్చిన ప్రతిసారీ "ఇక అగ్నిపర్వతాలు కూడా పేలతాయట" అన్న మాట ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. అందులో నిజం లేకపోలేదు. అది ఎంత నిజమో, ఏ కొలతతో తేలుతుందో, ఎక్కడ పప్పులో కాలేసే ప్రమాదం ఉందో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఈ పేజీ. ముందున్న ప్రశ్నలు పునాదికి సంబంధించినవి. తొందరగా ఉన్నవారు భూకంపాలు అగ్నిపర్వతాలను లేపుతాయా అన్న ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

అగ్నిపర్వతాలు ఫలకాల అంచుల్లోనే ఎందుకు ఎక్కువ?

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. భూమి పైపొర కింద అంతా కరిగిన రాయి, అంటే మాగ్మా, సముద్రంలా ఉండదు. పైపొర కింద ఉన్న మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. అది కొన్ని చోట్ల, కొద్ది శాతం మాత్రమే కరుగుతుంది. ఎక్కడ కరగాలో నిర్ణయించేది చాలావరకు ఫలకాల (భూమి పైభాగం విడిపోయి ఉన్న పెద్ద పెద్ద పలకల) కదలికే.

ఐస్‌లాండ్‌లోలా ఫలకాలు విడిపోయే చోట వేడి రాయి పైకి లేస్తుంది, దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, వేడి పెరగకపోయినా కరుగుతుంది. జపాన్, చిలీ, అండమాన్‌లలోలా ఒక ఫలకం ఇంకొకదాని కిందికి దిగే చోట, దిగిన ఫలకం సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి దాని ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు బయటపడుతుంది. ఆ నీరు పైనున్న మాంటిల్ రాయి కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. మూడో రకం హవాయి, రీయూనియన్ లాంటివి. ఇక్కడ లోతు నుంచి వేడి రాయి పైకి వస్తుంటే ఫలకం దాని మీదుగా జరిగిపోతూ ఉంటుంది.

దిగిన ఫలకానికీ పైన వచ్చే లావాకూ సంబంధం ఉందని రుజువేమిటి? ఊహ కాదు కదా?

కాదు. బెరీలియం-10 అనే ఐసోటోపు (బెరీలియం మూలకపు పరమాణువుల్లో ఒక రకం) దీనికి గట్టి సాక్ష్యం. విశ్వకిరణాలు వాతావరణంలోని ఆక్సిజన్, నైట్రోజన్ పరమాణువులను ఢీకొన్నప్పుడు ఇది పుడుతుంది. వానతో కిందికి దిగి సముద్రపు అడుగు బురదలో చేరుతుంది. దీని అర్ధజీవిత కాలం, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, దాదాపు 14 లక్షల ఏళ్లు. అంటే భూమి లోపల పాతకాలం నుంచీ ఉన్న రాతిలో ఇది మిగిలి ఉండే అవకాశమే లేదు. అయినా ఫలకం దిగే చోట్ల ఉన్న కొన్ని అగ్నిపర్వతాల తాజా లావాలో ఇది దొరికింది. సముద్ర మధ్య శిఖరశ్రేణుల లావాలో, హవాయి లాంటి చోట్ల లావాలో ఆ స్థాయిలో కనిపించదు. సముద్రపు బురద ఫలకంతో పాటు లోపలికి దిగి, కొన్ని మిలియన్ ఏళ్లలోనే మాగ్మాతో మళ్లీ పైకి వచ్చిందనడానికి ఇంతకంటే సూటి ఆధారం దొరకదు.

ఈ పరీక్ష చెడిపోయేది నమూనా దగ్గరే. వాననీటిలో కూడా బెరీలియం-10 ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లు వానకు తడిసిన లావా తీసుకుంటే ఫలితం పైనుంచి వచ్చిందో కిందనుంచి వచ్చిందో చెప్పలేం. అందుకే చల్లారిన కొద్దికాలానికే ఏరిన రాయిని, అందులోనూ పగుళ్లు, తుప్పు రంగు లేని ముక్కలను ఎంచుకుంటారు.

ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది కదా, అంత చిన్న కదలికను ఎలా కొలుస్తారు?

శాశ్వత జీపీఎస్ కేంద్రాలతో. ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఇవి ఉపగ్రహ సంకేతపు తరంగాన్నే కొలుస్తాయి కాబట్టి, ఒక రోజు సగటు తీస్తే అడ్డంగా కొన్ని మిల్లీమీటర్ల వరకు కచ్చితత్వం వస్తుంది. ఎత్తు కొలతలో తప్పు దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ప్రాంగణంలో ఇలాంటి అంతర్జాతీయ కేంద్రం ఒకటి ఉంది. భారత ఫలకంతో పాటు హైదరాబాద్ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోందని అలాంటి కేంద్రాల వల్లే తెలుసు.

అగ్నిపర్వతం దగ్గర ఈ పని ఇలా సాగుతుంది. యాంటెన్నాను మట్టిలో కాదు, గట్టి రాతిలో దించిన స్తంభం మీద బిగిస్తారు. కనీసం రెండున్నర, మూడేళ్లు డేటా పోగుచేస్తారు. అంతకన్నా తక్కువైతే వానాకాలంలో భూమి నీటి బరువుకు కుంగి వేసవిలో లేచే ఏటా కదలికే ఫలకం వేగంలా కనిపించి మోసం చేస్తుంది. తర్వాత ఆ డేటాలోంచి ఫలకం మొత్తపు వేగాన్ని, రుతువుల ఊగిసలాటను, భూకంపాల వల్ల వచ్చిన ఒక్కసారి జరుగులను తీసేస్తారు. అంతా పోగా మిగిలిందే అగ్నిపర్వతం సొంత కదలిక. యాంటెన్నా మార్చిన తేదీ రాసి పెట్టుకోకపోతే, పరికరం మార్పు వల్ల వచ్చిన చిన్న గెంతు కూడా మాగ్మా కదలికలా కనిపిస్తుంది. చూడ్డానికి చిన్న విషయమే గానీ ఆ లాగ్‌బుక్ లేకపోతే ఏళ్ల డేటా అక్కరకు రాకుండా పోతుంది.

ఒక కంపం ఫలకం కదలిక వల్ల వచ్చిందా, మాగ్మా వల్ల వచ్చిందా? సీస్మోగ్రాఫ్ చూసి చెప్పగలరా?

ఒక్క కంపాన్ని చూసి చాలాసార్లు చెప్పలేరు. వరసను చూస్తే చెప్పగలరు. మామూలు భూకంపంలో ఒక పెద్ద కుదుపు వస్తుంది, దాని వెనక ప్రకంపనలు రోజురోజుకూ తగ్గుతూ పోతాయి. మాగ్మా కదిలేటప్పుడు పెద్దన్న లాంటి కుదుపేదీ లేకుండా ఒకే స్థాయి కంపాలు గుంపుగా వస్తాయి. వాటి కేంద్రాలు గంటగంటకూ ఒక దిక్కుకు జరుగుతూ పోతే మాగ్మా పగులు చీల్చుకుంటూ ముందుకు పోతోందని అర్థం. దాన్ని డైక్ అంటారు. ఇవి కాక మాగ్మా, ఆవిరి ఇరుకు దారుల్లో కదిలేటప్పుడు వచ్చే నెమ్మదైన, మొదలు స్పష్టంగా లేని కంపాలు, ఆగకుండా సాగే సన్నని వణుకు కూడా నమోదవుతాయి.

రాయి ఏ దిక్కుకు జారిందో చూడటం ఇంకో మార్గం. ఆ ప్రాంతమంతా ఫలకాల ఒత్తిడి ఒక దిక్కుకే ఉంటే చిన్న కంపాలు కూడా అదే తీరులో రావాలి. డైక్ ఉబ్బి చుట్టూ ఉన్న రాతిని పక్కలకు నెట్టినప్పుడు, దగ్గరి కంపాల్లో ఒత్తిడి దిక్కు దాదాపు 90 డిగ్రీలు తిరిగిపోతుంది. ఫలకం ఒత్తిడినీ మాగ్మా ఒత్తిడినీ ఒకే నమోదులో విడదీసి చూపించే పద్ధతి కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

కంప కేంద్రం గుర్తించడానికి కనీసం నాలుగు కేంద్రాల నమోదులు కావాలి, ఎందుకంటే అక్షాంశం, రేఖాంశం, లోతు, సమయం అని నాలుగు తెలియని సంఖ్యలున్నాయి. భూమి పైపొరలోని మామూలు రాతికి, కంపం నుంచి ముందుగా చేరే పీ తరంగం వచ్చాక నెమ్మదిగా వెనక వచ్చే ఎస్ తరంగపు ఆలస్యంలో ప్రతి సెకనుకూ సుమారు 8 కిలోమీటర్ల దూరం లెక్కకట్టవచ్చు. లోతు సరిగా రావాలంటే కంపానికి దాని లోతంత దూరంలోపలే ఒక కేంద్రమైనా ఉండాలి. అంటే 3 కిలోమీటర్ల లోతు కంపాలను 40 కిలోమీటర్ల అవతల కూర్చుని లోతు కట్టడం కుదరదు. గడియారం పదో వంతు సెకను తప్పినా చోటు అర కిలోమీటరు తప్పుతుంది. కొండ మీద ఎదురయ్యే కష్టాలు మరీ మామూలువి. బూడిద సోలార్ పలకను కప్పేస్తుంది, ఆమ్ల వాయువులు కేబుల్ కనెక్టర్లను తినేస్తాయి, గాలికి ఊగే చెట్ల వేళ్లు కూడా నమోదులో కనిపిస్తాయి. చిన్న దీవుల మీదైతే అలల హోరు ఉండనే ఉంటుంది.

ఇదంతా ఒకచోట నిజంగా పనిచేసిన ఉదాహరణ ఉందా?

ఉంది. ఐస్‌లాండ్‌లోని రేక్యానెస్ ద్వీపకల్పం. అక్కడ ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏటా రెండు సెంటీమీటర్ల లోపు విడిపోతుంటాయి. దాదాపు 800 ఏళ్లు లావా రాలేదు. అంటే అన్నేళ్ల విడిపోయే ఒత్తిడి చాలావరకు తీరకుండా పేరుకుంది. 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ దగ్గర లావా పైకి వచ్చింది.

2023 శరత్కాలంలో అదే ద్వీపకల్పంలోని స్వార్ట్‌సెంగి దగ్గర నేల ఉబ్బుతున్నట్టు జీపీఎస్, ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. నవంబర్ 10 మధ్యాహ్నం నుంచి కంపాలు ఒక్కసారిగా గుంపుకట్టి, వాటి వరస నైరుతిగా గ్రిండావిక్ ఊరి కిందికి సాగింది. అదే సమయానికి ఇంతకుముందు ఉబ్బిన చోట నేల కుంగింది, ఊరి రెండు పక్కలా ఉన్న జీపీఎస్ కేంద్రాలు ఒకదానికొకటి దూరంగా జరిగాయి, మధ్య పట్టీ మీటరుకు పైగా దిగబడింది. ఈ మూడు కొలతలూ కలిసి ఒకే మాట చెప్పాయి. నిల్వ ఖాళీ అవుతోంది, మాగ్మా సుమారు 15 కిలోమీటర్ల పొడవున నిలువు పగులులోకి చేరుతోంది. ఆ రాత్రే సుమారు 3,800 మంది ఉన్న ఊరిని ఖాళీ చేయించారు. మాగ్మా ఉధృతంగా పారినప్పుడు సెకనుకు 7,400 ఘనపు మీటర్ల దాకా వెళ్లిందని తర్వాత లెక్కకట్టారు. లావా ఆ రోజు పైకి రాలేదు, డిసెంబర్ 18న వచ్చింది.

మాగ్మా నిల్వలోని ఒత్తిడి ఒక్కటే మాగ్మాను అంత వేగంగా నెట్టజాలదు. శతాబ్దాలుగా చీలడానికి సిద్ధంగా ఉన్న నేలే దానికి చోటిచ్చింది. ఫలకం కదలికకూ మాగ్మాకూ ఉన్న లింకు కంటికి కనిపించినంత దగ్గరగా కొలవగలిగిన సందర్భాల్లో ఇది ఒకటి. 2005 సెప్టెంబర్‌లో ఇథియోపియాలోని అఫార్‌లో 60 కిలోమీటర్ల డైక్ తెరుచుకుని నేల 8 మీటర్ల వరకు విడిపోయింది. 1975 నుంచి 1984 వరకు ఐస్‌లాండ్‌లోనే క్రాఫ్లా దగ్గర ఇలాంటివే దఫదఫాలుగా జరిగాయి. 1977లో అక్కడ ఒక భూతాప బావి గొట్టంలోంచే లావా ముక్కలు బయటికి చిమ్మాయి.

ఉపగ్రహ చిత్రాల్లోని రంగుల వలయాలను ఎలా చదవాలి?

ఆ పద్ధతి పేరు ఇన్‌సార్. ఒకే చోటును ఉపగ్రహ రాడార్ రెండు వేర్వేరు తేదీల్లో చూస్తుంది. మధ్యలో నేల ఉపగ్రహం వైపు జరిగితే వెనక్కి వచ్చే తరంగపు దశ (చేరేసరికి అల ఎత్తులో ఉందా పల్లంలో ఉందా అన్నది) మారుతుంది. ఆ మార్పునే రంగుల్లో గీస్తారు. ఒక పూర్తి రంగుల వలయం అంటే తరంగదైర్ఘ్యంలో సగం కదలిక. సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 5.5 సెంటీమీటర్లు కాబట్టి ఒక వలయం 2.8 సెంటీమీటర్లు. బయటి నుంచి మధ్యకు అయిదు వలయాలు లెక్కపెడితే మధ్యభాగం 14 సెంటీమీటర్లు జరిగినట్టు. పైకా కిందికా అన్నది రంగుల వరస చెబుతుంది. ఈ వరస ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి స్కేలు చూడకుండా "ఉబ్బింది" అనకండి.

పెద్ద మోసం గాలిలోని తేమ. ఎత్తైన కొండ చుట్టూ తేమ ఎత్తును బట్టి మారుతుంది. రెండు తేదీల మధ్య ఆ తేమ మారితే కొండ ఆకారంలోనే వలయాలు వచ్చి కొండ ఉబ్బినట్టు కనిపిస్తుంది. 1990ల్లో ఇటలీలోని ఎట్నా మీద కనిపించిన వలయాల్లో కొంత ఇలాంటిదేనని తర్వాత తేలింది. పట్టుకునే మార్గాలు: వలయాలు ఎత్తు రేఖల వెంటే ఉన్నాయేమో చూడాలి. ఒక్క జతతో సరిపెట్టకుండా ఎన్నో తేదీల జతల సగటు తీయాలి. ఉత్తరానికి వెళ్లేటప్పటి చిత్రాలూ దక్షిణానికి వచ్చేటప్పటి చిత్రాలూ రెండూ అదే చెబుతున్నాయో లేదో సరిచూడాలి. దగ్గర్లో జీపీఎస్ ఉంటే దాంతో పోల్చాలి. ఇంకో లోపం ఉపగ్రహాల దారిది. అవి దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి గనుక ఆ దిక్కు కదలికను సరిగా చూడలేవు.

నేల ఉబ్బిందని తెలిస్తే లోపల ఎంత మాగ్మా చేరిందో చెప్పగలరా?

సుమారుగా చెప్పగలరు. 1958లో జపాన్ శాస్త్రవేత్త కియో మోగి వాడుకలోకి తెచ్చిన సులువైన నమూనా ఇప్పటికీ మొదటి మెట్టు. మాగ్మా నిల్వను లోతులో ఉన్న ఒక బిందువుగా తీసుకుంటారు. నడిమధ్య ఉబ్బు ఎంతంటే, పెరిగిన ఘనపరిమాణాన్ని 0.75తో గుణించి, π విలువతో (3.14), లోతు వర్గంతో భాగించాలి.

లెక్క చేసి చూడండి. 4 కిలోమీటర్ల లోతులో 10 లక్షల ఘనపు మీటర్లు చేరితే నేల 1.5 సెంటీమీటర్లు లేస్తుంది. 8 కిలోమీటర్ల లోతులో అదే 1.5 సెంటీమీటర్లు రావాలంటే 40 లక్షల ఘనపు మీటర్లు కావాలి. అంటే ఎత్తు ఒక్కటే చూసి ఏదో చెప్పేస్తే నాలుగు రెట్లు తప్పవచ్చు. దాన్ని విడదీసేది ఉబ్బు వెడల్పు. మధ్య నుంచి లోతుకు 0.77 రెట్ల దూరంలో ఉబ్బు సగానికి పడిపోతుంది. సగం ఎత్తు 3 కిలోమీటర్ల దగ్గర వస్తే నిల్వ 4 కిలోమీటర్ల లోతున, 6 కిలోమీటర్ల దగ్గర వస్తే 8 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు. అందుకే కొండ పైనే కాదు, దూరంగా కూడా కొలత కేంద్రాలు పెట్టాలి.

మాగ్మాలో గ్యాసు బుడగలు ఎక్కువుంటే అది నొక్కుకుపోతుంది, చేరిన మాగ్మా కన్నా ఉబ్బు తక్కువ కనిపిస్తుంది. డైక్‌లకు, భ్రంశాలకు (రాయి ఒక పక్క మీదుగా ఇంకో పక్క జారే పగుళ్లకు) మోగి నమూనా సరిపోదు. వాటికి 1985లో ఒకాడా ఇచ్చిన సూత్రాలు వాడతారు.

వాయువులు ఏం చెబుతాయి?

కార్బన్ డయాక్సైడ్ మాగ్మాలోంచి ఎక్కువ లోతులోనే విడిపోతుంది, సల్ఫర్ డయాక్సైడ్ పైకి వచ్చాకే విడిపోతుంది. కాబట్టి కార్బన్ నిష్పత్తి పెరిగితే లోతు నుంచి కొత్త మాగ్మా వస్తోందనుకోవచ్చు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో దగ్గర సల్ఫర్ డయాక్సైడ్ మే 13న రోజుకు 500 టన్నులుంటే మే 28కల్లా 5,000 దాటింది. ఆ తర్వాత తగ్గింది. తగ్గడం మంచి కబురు కాదు, దారి మూసుకుపోయిందని అర్థం. జూన్ 15న ఘోరంగా పేలింది. తడి కొండల్లో భూగర్భజలం సల్ఫర్‌ను కడిగేస్తుంది కాబట్టి సున్నా కొలతను నమ్మకూడదు. గాలి వేగం తప్పుగా కొలిస్తే టన్నుల లెక్క మొత్తం తప్పుతుంది.

పెద్ద భూకంపం అగ్నిపర్వతాన్ని లేపుతుందా?

లేపగలదు, కానీ అప్పటికే లేవడానికి సిద్ధంగా ఉన్నదాన్ని మాత్రమే.

అనుమానం పాతదే. 1835 ఫిబ్రవరి 20న చిలీలో కన్సెప్షన్ భూకంపాన్ని చూసిన చార్లెస్ డార్విన్, భూకంపానికీ ఆండీస్ అగ్నిపర్వతాలకూ సంబంధం ఉందని రాశాడు. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వస్తే 38 గంటల్లో కోర్డోన్ కావ్లే పేలింది. 1707 అక్టోబర్ 28న జపాన్‌లో హోయెయ్ భూకంపం వచ్చిన 49 రోజులకు ఫుజి పేలింది. 2025 జులై చివర రష్యాలోని కమ్చాట్కాలో 8.8 తీవ్రత భూకంపం వచ్చిన కొద్దిరోజులకే, శతాబ్దాలుగా మౌనంగా ఉన్న క్రాషెనిన్నికోవ్ బద్దలైంది.

మరి 2011 మార్చి 11న 9.0 తీవ్రత భూకంపం తర్వాత జపాన్‌లో ఫుజి ఎందుకు పేలలేదు? అక్కడ జరిగింది ఇంకోటి. ఉత్తర జపాన్ అగ్నిపర్వతాల దగ్గర నేల 15 సెంటీమీటర్ల వరకు కుంగింది. 2010 చిలీ భూకంపం తర్వాతా అంతే కుంగింది. వేడిగా, మెత్తగా ఉన్న రాయి సాగి దిగిపోయిందనో, వేడి నీరు పగుళ్లలోంచి తప్పించుకుందనో దీనికి వివరణలున్నాయి. అంటే పెద్ద భూకంపం కొన్ని చోట్ల ఒత్తిడిని తగ్గించగలదు కూడా.

రెండు రకాల ప్రభావాలను వేరుగా లెక్కించాలి. మొదటిది, భ్రంశం జారాక రాతిలో శాశ్వతంగా మిగిలే ఒత్తిడి మార్పు. ఇది దూరం ఘనానికి తగ్గుతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే. మాగ్మా గది మీద నొక్కితే మాగ్మా పైకి పిండబడవచ్చు, దారి మీద పట్టు వదిలితే డైక్ తెరుచుకోవచ్చు. ఏది జరుగుతుందో భ్రంశం దిక్కు, కొండ ఉన్న చోటు చెబుతాయి. రెండోది, కదిలిపోయే తరంగాల కుదుపు. ఇది అంత త్వరగా తగ్గదు. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో 7.3 తీవ్రత లాండర్స్ భూకంపం తరంగాలు వెళ్తుండగానే వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని యెల్లోస్టోన్ దాకా చిన్న కంపాలు మొదలయ్యాయి.

సోడా సీసా ఊపితే నురగ పొంగినట్టు మాగ్మా పొంగుతుందన్న పోలిక చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని అలాగే నమ్మవద్దు. సీసాలో గాలి బుడగలు ద్రవంలో కలిసి, మూత తీయగానే ఒత్తిడి ఒక్కసారి పడిపోతుంది. భూకంపం అయ్యాక మాగ్మా గది మూత ఎవరూ తీయరు.

ఒకదాని తర్వాత ఒకటి జరిగితే యాదృచ్ఛికం కాదని ఎలా నమ్మాలి?

లెక్కవేసి. ఒక ద్వీపశ్రేణిలో నూరేళ్లలో 20 విస్ఫోటాలు మొదలయ్యాయనుకోండి. భూకంపాలతో సంబంధమే లేకపోయినా ఏ ఏడాదిలోనైనా కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 18 శాతం. అక్కడ పది పెద్ద భూకంపాలు వస్తే, వాటిలో రెండింటి తర్వాత ఏడాదిలోపు ఏదో ఒకటి ఊరికే పేలుతుంది. ఈ నేపథ్య సంఖ్యను మించి ఎంత పేలాయన్నదే ప్రశ్న.

జాబితాల్లో పక్షపాతం కూడా ఉంటుంది. పెద్ద భూకంపం తర్వాత జనం కొండల వైపు కళ్లు పెట్టుకుని చూస్తారు, చిన్న పొగ కూడా రికార్డవుతుంది. పాత రాతల్లో తేదీలు "ఆ రోజుల్లోనే" అన్నట్టుగా ఉంటాయి. అప్పటికే పేలుతున్న కొండను కొత్త విస్ఫోటంగా లెక్కించడం కూడా జరుగుతుంది. 2025 కమ్చాట్కా భూకంపం రోజున వార్తల్లోకి వచ్చిన క్లుచెవ్‌స్కోయ్ అప్పటికే చురుగ్గా ఉంది. 1998లో వచ్చిన ఒక అధ్యయనం, 8కి మించిన భూకంపాల తర్వాత రోజుల్లోనే 750 కిలోమీటర్లలోపు విస్ఫోటాలు పెరుగుతాయంది. జాబితాలు సరిచేసి మళ్లీ లెక్కించినప్పుడు రోజుల్లో వచ్చే పెరుగుదల బలహీనపడింది, రెండు నెలల నుంచి రెండేళ్ల మధ్య కొద్దిపాటి పెరుగుదల మిగిలింది. ప్రస్తుతానికి నిలబడేది ఈ రెండో మాటే.

భూకంపానికి ముందే మాగ్మా కదిలిందా అన్నది తర్వాత తెలుసుకోగలరా?

తెలుసుకోవచ్చు, లావాలోని స్ఫటికాలతో. కొత్త మాగ్మా వచ్చి పాతదానితో కలిసినప్పుడు ఒలివిన్ అనే ఖనిజపు స్ఫటికం అంచున కొత్త పొర పేరుకుంటుంది. లోపలి భాగానికీ ఆ పొరకూ మధ్య ఇనుము, మెగ్నీషియం నెమ్మదిగా ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో అంచు నుంచి లోపలికి కొన్ని మైక్రాన్ల అంతరంతో కొలిచి, ఆ వాలు ఎంత మెత్తబడిందో చూస్తే కలయిక జరిగి ఎన్ని రోజులు, నెలలు అయిందో వస్తుంది. ఆ తేదీ భూకంపానికి ముందైతే, భూకంపమే మాగ్మాను కదిలించిందన్న వాదన నిలవదు. మహా అయితే తొందరపెట్టి ఉంటుంది.

ఉష్ణోగ్రత 30 డిగ్రీలు తప్పితే కాలం దాదాపు 40 శాతం తప్పుతుంది. ఒలివిన్‌లో ఒక అక్షం వెంట ఈ ఇచ్చిపుచ్చుకోవడం (వ్యాపనం) మిగతా రెండింటికన్నా సుమారు ఆరు రెట్లు వేగం, కాబట్టి స్ఫటికాన్ని ఏ దిక్కున కోశారో తెలియకుండా చేసిన లెక్కకు విలువ లేదు.

2005లో బ్యారన్ దీవి పేలింది 2004 భూకంపం వల్లేనా?

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యారన్ దీవి, భారతదేశంలో ఉన్న ఏకైక చురుకైన అగ్నిపర్వతం. అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది.

2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,200 కిలోమీటర్లకు పైగా భ్రంశం జారింది. నెల తిరిగేసరికి, 2005 జనవరి చివర్లో, అండమాన్ సముద్రంలో కొద్దిరోజుల్లోనే 5కి మించిన కంపాలు 150కి పైగా వచ్చాయి. ఆ గుంపు వెనక మాగ్మా చొరబాటు ఉండి ఉంటుందని కొందరు పరిశోధకుల వాదన. మే చివర్లో బ్యారన్ బద్దలైంది. చూడ్డానికి వరస సరిగ్గా కుదిరినట్టే ఉంది.

కానీ బ్యారన్ 1991లోనే, దాదాపు ఒకటిన్నర శతాబ్దం మౌనం తర్వాత మేలుకుంది. 1994–95లో మళ్లీ పేలింది. అంటే 2004 నాటికే దారి తెరిచి ఉంది. దీవి మీద మనుషులు ఉండరు, దిగడం కష్టం, ఆ రోజుల్లో అక్కడ దగ్గరి నుంచి నిరంతరం కొలిచే పరికరాల వల లేదు. భూకంపం దాన్ని తొందరపెట్టి ఉండటం సాధ్యమే. ఒక్క సంఘటనతో, అదీ ముందు కొలతలు లేకుండా, "వల్లే" అనడం సబబు కాదు. బారాతాంగ్‌లోని బురద అగ్నిపర్వతం భూకంపం వెంటనే ఎగజిమ్మిన మాట నిజమే గానీ దానిలో మాగ్మా ఉండదు, గ్యాసు నెట్టిన బురదే.

ఇందుకు విరుద్ధంగా, మాగ్మా భూకంపం తెస్తుందా?

తెస్తుంది. హవాయిలోని కిలావేయా దగ్గర 2018 మే 3న తూర్పు చీలిక మండలంలో పగుళ్లు తెరుచుకుని లావా మొదలైంది. మర్నాడే 6.9 తీవ్రత భూకంపం వచ్చింది. చీలికలోకి చేరిన మాగ్మా కొండ దక్షిణపు పక్కను సముద్రం వైపు నెట్టడం దీనికి కారణం. ఆ పక్క జారడంతో చీలికకు ఇంకా చోటు దొరికింది. కారణం, ఫలితం ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి, ఏది ముందన్నది గంటల లెక్కలో చూడాలి.

తెలంగాణ, ఆంధ్రల్లో భూకంపం వస్తే అగ్నిపర్వతం పుట్టే ప్రమాదం ఉందా?

లేదు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది, 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది గోదావరి లోయ వెంట ఉన్న పాత భ్రంశాల కదలికలే. కింద మాగ్మా లేదు.

మరి రాజమండ్రి దగ్గరి నల్లరాయి లావా కాదా?

లావాయే, కానీ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. గోదావరికి ఈ గట్టున కాతేరు, ఆ గట్టున పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో ఆ బసాల్ట్ పొరలు, వాటి మధ్య గవ్వలు, గుల్లలు ఉన్న సున్నపురాయి కనిపిస్తాయి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు కోసం తవ్విన బావుల్లోనూ ఇదే లావా తగిలింది. దానికి రాజోలు పేరే పెట్టారు. దక్కన్ పీఠభూమిని కప్పిన లావా ప్రధాన భాగానికీ దీనికీ మధ్య వందల కిలోమీటర్లు ఖాళీ. అయినా రసాయన కూర్పు, ఆర్గాన్ పద్ధతిలో కట్టిన వయసు, అయస్కాంత దిక్కు మూడూ పశ్చిమ కనుమల్లోని మహాబలేశ్వర్ వైపు పొరలతో సరిపోయాయి. అంటే పడమటి నుంచి పాత నదీలోయల వెంట పారి ఇక్కడికి చేరిన లావా ఇది. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటి.

ఈ రాయి ఫలకం కదలికనూ చెబుతుంది. లావా చల్లారేటప్పుడు ఇనుప ఖనిజాలు అప్పటి అయస్కాంత దిక్కును పట్టి ఉంచుకుంటాయి. ఆ దిక్కు నేలకు వంగిన కోణపు టాంజెంట్‌ను సగం చేస్తే అక్షాంశపు టాంజెంట్ వస్తుంది. దక్కన్ రాళ్ల కోణం 48 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే అక్షాంశం 29 డిగ్రీలు, అదీ దక్షిణార్ధగోళంలో. రాజమండ్రి ఇప్పుడు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. నమూనా తీసేటప్పుడు సూర్యుడి దిక్కుతో కూడా సరిచూసుకోవాలి, బసాల్ట్ దగ్గర దిక్సూచి పక్కకు లాగుతుంది. పిడుగు పడిన చోటి రాయి పాత గుర్తును పోగొట్టుకుంటుంది, దాన్ని వదిలేయాలి.

హిమాలయాల్లో ఫలకాలు ఢీకొంటున్నాయి కదా, అక్కడ అగ్నిపర్వతాలు ఎందుకు లేవు?

ఖండం ఖండాన్ని ఢీకొడుతోంది. నీటిని మోసుకుని లోతుకు దిగే సముద్రపు ఫలకం అక్కడ అయిపోయింది. భూకంపాలకు కొదవ లేదు, మాగ్మాకు మాత్రం ఆ నీరు లేదు.

నిసార్ వల్ల ఏం మారుతుంది?

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి పంపిన ఈ ఉపగ్రహంలో రెండు రాడార్లున్నాయి. నాసా ఇచ్చిన ఎల్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 24 సెంటీమీటర్లు, అంటే ఒక వలయం 12 సెంటీమీటర్లు. పొడవు తరంగం ఆకుల మధ్యగా నేలను అందుకుంటుంది. దట్టమైన అడవి కప్పిన అండమాన్, ఇండోనేషియా కొండల మీద చిన్న తరంగాలు తడబడే చోట ఇది పనికొస్తుంది. 12 రోజులకోసారి అదే చోటుకు వస్తుంది. తేమ సమస్య దీనికీ ఉంటుంది. కొన్ని గంటల్లో సాగిపోయే డైక్‌ను 12 రోజుల చిత్రం పట్టుకోలేదు, దానికి నేల మీద సీస్మోమీటర్, జీపీఎస్ ఉండాల్సిందే.

ఇంట్లో కూర్చుని ఈ డేటాతో పనిచేయడం మొదలుపెట్టాలంటే?

పైథాన్ కొద్దిగా వచ్చి ఉంటే చాలు. కంపాల నమోదులకు ఒబ్స్‌పై, ఇన్‌సార్‌కు స్నాప్, మింట్‌పై, ఒత్తిడి మార్పులకు కూలోంబ్ 3 ఉచితంగా దొరుకుతాయి (కూలోంబ్‌కు మాత్రం మ్యాట్‌ల్యాబ్ కావాలి). సెంటినెల్-1 చిత్రాలు, స్మిత్సోనియన్ సంస్థ అగ్నిపర్వతాల జాబితా కూడా ఉచితమే. పద్ధతిగా చదవాలనుకుంటే ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ విభాగాలున్నాయి.

మొదటి అభ్యాసంగా పై మోగి లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో వేయండి. లోతు మారుస్తూ ఉబ్బు వంపును గీయండి. తర్వాత దానికి 3 మిల్లీమీటర్ల యాదృచ్ఛిక తప్పు కలిపి, లోతును తిరిగి కనుక్కోవడానికి ప్రయత్నించండి. కేంద్రాలు కొండ మధ్యలోనే ఉంటే లోతు ఎంతగా ఊగుతుందో, 10 కిలోమీటర్ల దూరంలో ఒక్క కేంద్రం చేర్చగానే ఎంత స్థిరపడుతుందో చూడండి.